189 యూనిట్లా, 214 యూనిట్లా? రీడింగ్ తప్పితే ఇంటికి పడే దెబ్బ

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ గల్లీల్లో ఇప్పుడు కరెంటు బిల్లు చేతికి రాగానే జనం ముందు చూసేది కింద రాసిన డబ్బులు కాదు, పైన ఉన్న యూనిట్లు. 200 లోపు ఉందా, దాటిందా? లోపు ఉంటే, ఆహార భద్రత కార్డు ఉన్న ఇంటికి గృహజ్యోతి కింద సున్నా బిల్లు. దాటితే మొత్తం కట్టాలి. 2024 మార్చి నుంచి మన ఇళ్లలో నెల బడ్జెట్ ఈ ఒక్క అంకె చుట్టూ తిరుగుతోంది. ఆ అంకె ఎలా వచ్చింది, ఎన్ని రోజులకు తీశారు, మీటర్ చూసి కొట్టారా, ఊహించి కొట్టారా అన్నది మాత్రం చాలామంది అడగరు. అడగాల్సింది అదే.

ముందు లెక్క చూద్దాం. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్లకు నడుస్తున్న రేట్లివి. నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి (100 దాటిన వాళ్లకు) మొదటి 100 యూనిట్లు 3 రూపాయల 40 పైసల చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 4 రూపాయల 80 పైసల చొప్పున. అంటే సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే కరెంటు చార్జీ 820 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం ఇవన్నీ వేరే, వాటిని పక్కన పెడదాం. ఇప్పుడు ఒక్క యూనిట్ పెరిగి 201 అయిందనుకోండి. ఆ ఒక్క యూనిట్‌కే కొత్త రేటు పడుతుందని మనం అనుకుంటాం. అలా కాదు. 200 దాటిన ఇల్లు వేరే వర్గంలోకి పోతుంది. అక్కడ మొదటి 200 యూనిట్లకే యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు. అంటే 1,020 రూపాయలు, ఆపైన ఆ ఒక్క యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు పడింది. గృహజ్యోతి ఉన్న ఇంటికైతే ఆ యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయల పైనే, ఎందుకంటే 200 దగ్గర వాళ్లు కట్టేది సున్నా.

ఇలాంటి గీతలు ఉన్నచోట రీడింగ్ అనేది చిన్న విషయం కాదు. నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చి బిల్లు కొట్టినా, తలుపు తాళం వేసి ఉందని సగటు వేసి కొట్టినా, పోయిన ఏడాది లెక్క ఈ ఏడాదికి తగిలించినా ఇంటికి పడే దెబ్బ యూనిట్ల తేడా కన్నా చాలా పెద్దది. ఇది ఎంత పెద్దదో 2020లో ఊరంతా చూసింది.

ఆ సంవత్సరం మార్చి ఆఖర్లో లాక్‌డౌన్ పడింది. బిల్లు కొట్టేవాళ్లు ఇంటింటికీ తిరిగే వీలు లేదు. విద్యుత్ నియంత్రణ మండలి అనుమతితో డిస్కంలు ఒక దారి పట్టాయి. పోయిన ఏడాది ఇదే నెలకు మీ ఇంటికి ఎంత బిల్లు వచ్చిందో ఈసారీ అంతే కట్టండి, లాక్‌డౌన్ తర్వాత మీటర్ చూసి సర్దుతాం అన్నాయి. ఫోన్‌కు మెసేజ్ వచ్చేది, ఆన్‌లైన్‌లో కట్టాలి. పైకి చూస్తే న్యాయంగానే ఉంది. ఎండాకాలానికి ఎండాకాలమే కొలమానం కదా!

మన బస్తీల్లో ఆ కొలమానం రెండు వైపులా తప్పింది. అశోక్ నగర్ సంగతే తీసుకోండి. గ్రూప్స్‌కూ, కానిస్టేబుల్ పరీక్షలకూ చదువుకునే పిల్లలతో నిండి ఉండే గదులు, హాస్టళ్లు, లాక్‌డౌన్‌తో ఖాళీ అయ్యాయి. పిల్లలు ఊళ్లకు పోయారు. మీటర్ తిరగడం లేదు, బిల్లు మాత్రం పోయిన ఏడాది నిండు గది లెక్కన. ఇంకోవైపు సంసారాల ఇళ్లు. పిల్లలకు బళ్లు లేవు, మగవాళ్లకు దుకాణాల్లేవు, పొద్దస్తమానం అందరూ ఇంట్లోనే. ఏప్రిల్ 25న మొదటి రోజా. మసీదులు మూసి ఉన్నాయి, తరావీహ్ ఇంట్లోనే. సహర్‌కు మూడు గంటలకే లైట్లు, ఫ్యాన్లు, వంటింట్లో మిక్సీ. పగలంతా రోజాతో ఉన్నవాళ్లకు కూలర్ లేకుండా గడవదు. 2019లో ఇదే నెలల్లో సగం రోజు తాళం వేసి ఉన్న ఇల్లు, 2020లో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంది. పోయిన ఏడాది అంకె వాళ్లకు చాలా తక్కువ. తక్కువ బిల్లు వచ్చిందని అప్పుడు ఎవరూ ఫిర్యాదు చేయలేదు, చేయరు కూడా. మే 25న ఈద్ అయింది. తర్వాత పది పదిహేను రోజులకు రీడింగ్ మొదలై, మూడు నెలల లెక్క ఒకే కాగితం మీద వచ్చింది.

అప్పటి గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెయ్యి కట్టే ఇంటికి నాలుగైదు వేలు వచ్చాయి. కరెంటు ఆఫీసుల ముందు వరుసలు. కాంగ్రెస్, బీజేపీలు నిరసనలకు దిగాయి. అప్పటి విద్యుత్ మంత్రి జగదీశ్ రెడ్డి బిల్లుల్లో తప్పు లేదన్నారు. ఎండలు, లాక్‌డౌన్ వల్ల వాడకం పెరిగిందన్నది సర్కారు మాట. ఒక్కసారి కట్టలేని వాళ్లు మూడు వాయిదాల్లో, ముందు 30 శాతం, తర్వాత 40, ఆ తర్వాత 30 శాతం, వడ్డీతో కట్టుకోవచ్చన్నారు. లాక్‌డౌన్‌లో చేతిలో పైసా ఆడని మనిషికి, తాను అడగని అప్పు మీద వడ్డీ! ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అయితే జనం వాదన, సర్కారు వాదన రెండూ సగం సగమే నిజం. వాడకం పెరిగిన మాట వాస్తవం. అసలు చిక్కు మూడు నెలల యూనిట్లను కలిపి, మూడుతో భాగించి, ఆ సగటుకు స్లాబ్ వేయడంలో ఉంది. ఆనాటి రేట్లతో ఒక ఇల్లు ఊహించుకుందాం. మార్చిలో 150 యూనిట్లు, ఏప్రిల్‌లో 190, మేలో 320. ఏ నెలకానెల బిల్లు కొట్టి ఉంటే 545, 717, 1,890 రూపాయలు. మొత్తం 3,152. సగటు తీస్తే నెలకు 220 యూనిట్లు. మార్చి, ఏప్రిల్ కూడా 200 గీత దాటేశాయి, కాలిక దాటకపోయినా. నెలకు 1,144 చొప్పున మూడు నెలలకు 3,432. అంటే 280 రూపాయలు ఎక్కువ.

ఇక్కడ నిజాయితీగా రెండో వైపు కూడా చెప్పాలి. వేరే ఇల్లు చూడండి: 120, 140, 310. నెలనెలా అయితే 416, 502, 1,805, మొత్తం 2,723. సగటు 190 యూనిట్లు, గీత లోపలే. మూడు నెలలకు 2,151. ఆ ఇంటికి 572 రూపాయలు మిగిలాయి. సగటు లెక్క అందరినీ ముంచలేదు, అందరినీ కాపాడలేదు. ఎవరి అదృష్టం వాళ్లది అన్నట్టు చేసింది. పక్క పక్క పోర్షన్లలో ఉన్న ఇద్దరిలో ఒకరు నష్టపోయి, ఇంకొకరు లాభపడ్డారు, ఎవరు ఎందులో ఉన్నారో ఇద్దరికీ తెలియదు. బిల్లు కాగితం చూస్తే అర్థం కాదు. నెలవారీ లెక్క లేనప్పుడు అర్థం చేసుకోవడానికి ఏం మిగులుతుంది?

ముంబైలో పద్ధతి వేరు, తిప్పలు అవే. అక్కడ డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి నెలల సగటు వేశారు. చలికాలం లెక్క ఎండాకాలానికి. కాబట్టి మొదట చిన్న బిల్లులు, జూన్‌లో బాంబులు. సినిమా నటి తాప్సీకి 36 వేల బిల్లు వచ్చిందని ఆమే ట్విటర్లో పెట్టారు, క్రికెటర్ హర్భజన్ సింగ్ 33,900 అని పెట్టారు. పెద్దవాళ్లు అరిస్తే దేశమంతా వినిపిస్తుంది. చిక్కడపల్లి గల్లీలో రెండు గదుల పోర్షన్‌కు వచ్చిన 4,000 బిల్లు ఎవరికీ వినిపించదు, ఆ ఇంటికి అది ఆ 36 వేల కన్నా బరువైనా సరే.

ఆ ఏడాది చివరి రోజు, 2020 డిసెంబర్ 31న, కేంద్ర విద్యుత్ శాఖ వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చింది. లాక్‌డౌన్ బిల్లుల గొడవ నడిచిన ఏడాదే ఇవి వచ్చాయి, అయినా మన దగ్గర వీటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అందులో మూడు ముక్కలు ప్రతి ఇంటికీ పనికొస్తాయి.

మొదటిది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక ఇంటికి రెండు కన్నా ఎక్కువ అంచనా బిల్లులు వేయకూడదు. విపత్తులాంటి అసాధారణ పరిస్థితి లేకుండా రెండు బిల్లింగ్ సైకిళ్లు దాటి కూడా అంచనా బిల్లులే వస్తుంటే, అసలు రీడింగ్ ప్రకారం బిల్లు ఇచ్చేదాకా కట్టనని చెప్పే హక్కు వినియోగదారుడికి ఉంది. రెండోది. వరుసగా రెండుసార్లు మీటర్ చూడటం కుదరకపోతే, మీరే మీటర్ ఫొటో తీసి, రీడింగూ తేదీ కనిపించేలా, రిజిస్టర్ అయిన మొబైల్ నుంచో ఈమెయిల్ నుంచో పంపొచ్చు. అలా పంపితే డిస్కం మీకు నోటీసు గానీ అంచనా బిల్లు గానీ పంపకూడదు. మూడోది. బిల్లు 60 రోజులు లేదా అంతకన్నా ఆలస్యంగా ఇస్తే రెండు నుంచి ఐదు శాతం దాకా తగ్గింపు ఇవ్వాలి, ఎంత అన్నది రాష్ట్ర నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది.

రెండో ముక్కలో ఒక మెలిక ఉంది, మన ఇళ్లలో అదే పెద్ద అడ్డంకి. 'రిజిస్టర్ అయిన మొబైల్.' నారాయణగూడ పాత ఇళ్లలో చాలా సర్వీసులు ఇప్పటికీ దాదా పేరు మీదో నానా పేరు మీదో ఉంటాయి. ఆయన పోయి ఇరవై ఏళ్లయినా పేరు మారదు. వారసత్వం పంపకాలు తేలవు, తేలినా కరెంటు మీటర్ పేరు మార్చుకోవాలని ఎవరికీ తోచదు. అద్దెకు ఉన్నవాళ్ల సంగతి ఇంకా కష్టం. మొబైల్ నంబర్ ఓనర్‌ది, మెసేజ్ ఓనర్‌కు పోతుంది, బిల్లు కట్టేది వీళ్లు. కాగితం మీద హక్కు ఉంది, దాన్ని వాడుకునే ఫోన్ చేతిలో లేదు. అద్దెకున్న వాళ్లకు కూడా గృహజ్యోతి వర్తిస్తుంది, కార్డు, ఆధార్, సర్వీసు నంబర్ కలిపితే చాలు. అలా కలిపిన వాళ్లు మొబైల్ నంబర్ సంగతి కూడా అప్పుడే చూసుకోవాల్సింది.

ఇప్పుడు లాక్‌డౌన్ లేదు, మరి అంచనా బిల్లులెక్కడివి అనొచ్చు. ఉన్నాయి, రూపం మారింది. ఇంటికి తాళం ఉంటే సగటు వేస్తారు. మీటర్ ఆగిపోతే, కాలిపోతే, కొత్తది పెట్టేదాకా పాత నెలల సగటే. ఊరికి పోయి వచ్చేసరికి, పెళ్లిళ్ల సీజన్‌లో వారం రోజులు ఇల్లు మూసి ఉంటే, ఇలాంటి బిల్లు ఒకటి వస్తుంది. వాటికన్నా మోసకారి ఇంకోటుంది: రోజుల తేడా. అంకె నిజమైనదే, మీటర్ మీద ఉన్నదే, కాబట్టి తప్పని ఎవరికీ అనిపించదు.

రోజుకు 6.3 యూనిట్లు కాల్చే ఇల్లు అనుకోండి. ఫ్రిజ్, రెండు మూడు ఫ్యాన్లు, టీవీ, రాత్రి కాసేపు కూలర్. సరిగ్గా 30 రోజులకు రీడింగ్ తీస్తే 189 యూనిట్లు, 767 రూపాయల 20 పైసలు. గృహజ్యోతి ఉంటే సున్నా. ఇప్పుడు బిల్లు కొట్టే మనిషి నాలుగు రోజులు ఆలస్యంగా, 34వ రోజు వచ్చాడు. 214 యూనిట్లు. రోజుల లెక్కన స్లాబ్‌ను సర్దకుండా కొడితే 1,127 రూపాయల 80 పైసలు, గృహజ్యోతి పోయింది.

'ఏం కాదమ్మా, వచ్చే నెల తక్కువ వస్తుంది, సర్దుకుంటుంది' అంటారు. ఈ మాట అందరం వినే ఉంటాం. వచ్చే నెల 26 రోజులకే వస్తాడనుకుందాం. 164 యూనిట్లు, 647 రూపాయల 20 పైసలు. రెండు నెలలకు కలిపి 1,775 రూపాయలు. ముప్పై రోజుల చొప్పున తీసి ఉంటే రెండు నెలలకు 1,534 రూపాయల 40 పైసలు. యూనిట్లు అవే 378, పెరిగిన డబ్బు 240 రూపాయల 60 పైసలు. యూనిట్లు సర్దుకుంటాయి, డబ్బులు సర్దుకోవు. గృహజ్యోతి ఇంటికైతే రెండు నెలలూ సున్నా కావాల్సింది, ఒక నెల 1,127 చేతి నుంచి పడింది, అది రెండో నెల సున్నాతో వెనక్కి రాదు. కాబట్టి బిల్లు మీద పోయిన రీడింగ్ తేదీ, ఈ రీడింగ్ తేదీ, రెండింటి మధ్య రోజులు లెక్కపెట్టడం యూనిట్లు చూడటం కన్నా ముందు చేయాల్సిన పని.

ఈ మూడు బస్తీల్లో గీత దాటించేవి ఇంకో రెండున్నాయి, రీడింగ్‌తో సంబంధం లేనివి. ఒకటి ఉమ్మడి మీటర్. ఇద్దరు అన్నదమ్ములు ఒకే ఇంట్లో, పైన ఒకరు కింద ఒకరు, మీటర్ ఒక్కటే. ఇద్దరూ నెలకు 150 చొప్పున కాలుస్తారు. కలిపి 300, బిల్లు 1,790 రూపాయలు. వేరు మీటర్లయితే 580 చొప్పున 1,160. నెలకు 630 రూపాయల తేడా, ఇద్దరికీ వేరే వేరే కార్డులుంటే ఇద్దరికీ సున్నా. రెండోది అశోక్ నగర్ గదుల్లో గోడకు పెట్టిన సబ్ మీటర్లు. అవి డిస్కంవి కావు, ఓనర్ పెట్టుకున్నవి. రేటు కూడా ఓనర్ చెప్పిందే. ఆ మీటర్ తప్పు తిరిగితే 1912కు ఫోన్ చేసినా లాభం లేదు, వాళ్ల లెక్కలో ఆ మీటరే లేదు. ఓనర్‌కు వచ్చిన అసలు బిల్లు చూపించమని మర్యాదగా అడగడం ఒక్కటే దారి. అడగడానికి పిల్లలు భయపడతారు, గది దొరకడమే కష్టం కాబట్టి.

మరి తప్పు బిల్లు వచ్చినప్పుడు ఏం చేయాలి? ముందు ఇంట్లోనే చిన్న పరీక్ష చేయండి. మెయిన్ ఉంచి, ఇంట్లో స్విచ్‌లన్నీ, ఫ్రిజ్‌తో సహా, ఆపేసి మీటర్ దగ్గరికి పోండి. ఎర్ర లైటు ఇంకా మిణుకుతుంటే ఎక్కడో లీకేజీ ఉంది, లేదా ఇంకెవరిదో లైన్ మీ మీటర్ నుంచి పోతోంది. పాత పోర్షన్ల ఇళ్లలో మెట్ల లైటు, బోరు మోటారు ఒకరి మీటర్‌కు తగిలి ఉండటం మామూలే. మీటర్ ముఖం మీద యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. 3200 అని ఉంటే, 3,200 సార్లు మిణికితే ఒక యూనిట్. ఒక వెయ్యి వాట్ల గీజరో ఇస్త్రీ పెట్టెనో ఒక్కటే వేసి పదిహేను నిమిషాలు చూస్తే పావు యూనిట్, అంటే 800 మిణుకుల దగ్గర్లో రావాలి. ఇస్త్రీ పెట్టె మధ్యలో ఆగి ఆగి కాలుతుంది కాబట్టి గీజర్ మేలు. మరీ ఎక్కువ వస్తే మీటర్ మీద అనుమానం నిజమే కావచ్చు.

ఆ తర్వాత ఆఫీసు. మన దగ్గర రెండు కిటికీలుంటాయి, జనం తప్పు కిటికీ దగ్గర నిలబడి మధ్యాహ్నం దాకా టైం పోగొట్టుకుంటారు. మీటర్ పాడైతే సెక్షన్ ఏఈ దగ్గరికి. బిల్లు లెక్క తప్పితే, రీడింగ్ తప్పు ఎక్కితే, ఈఆర్వో అంటే రెవెన్యూ ఆఫీసుకు. రెండుచోట్లా నోటి మాట కాకుండా కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. 1912కు ఫోన్ చేసినా ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోవాలి. మీటర్ వాడకానికి మించి తిరుగుతోందని ఫిర్యాదు చేస్తే, 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం ఐదు రోజుల్లోగా పక్కన ఇంకో మీటర్ పెట్టి, కనీసం మూడు నెలలు రెండింటి లెక్కా పోల్చి చూడాలి. ఈ సవరణ పేరు చెప్పి అడిగితే ఆఫీసులో మాట తీరు కొంచెం మారుతుంది.

'ముందు కట్టు, తర్వాత చూద్దాం, లేకపోతే కట్ చేస్తాం.' ఈ మాటకే మన జనం భయపడి, వడ్డీకి తెచ్చి మరీ కడతారు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ చదివితే ఆ భయం సగం తగ్గుతుంది. కరెంటు కట్ చేయాలంటే 15 రోజులు తగ్గకుండా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బిల్లు మీద వివాదం ఉంటే, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలలు మీరు కట్టిన దాని సగటు గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది, అభ్యంతరంతో కడుతున్నానని రాసి కట్టేస్తే, వివాదం తేలేదాకా కనెక్షన్ తీయకూడదు. నెలకు 800 కట్టే ఇంటికి 8,000 వస్తే, 800 కట్టి పోరాడొచ్చు. అభ్యంతరంతో కడుతున్నట్టు రాయకపోతే అది మామూలు పార్ట్ పేమెంట్ కింద పోతుంది. ఆ రెండు మాటలు రాయించుకోండి.

ఈఆర్వోలో తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. వకీలును పెట్టుకోవాల్సిన పని లేదు, మీరే పోయి మాట్లాడొచ్చు. 45 రోజులకు మించకుండా ఫిర్యాదు తేల్చాలని ఆ 2020 నిబంధనలే చెబుతున్నాయి. ఇలాంటి చోట గెలిచేది గట్టిగా మాట్లాడేవాడు కాదు, పాత బిల్లులు దాచుకున్నవాడు. మన ఇళ్లలో బిల్లులు పిన్నుకు గుచ్చి పెట్టే అలవాటు అమ్మీలకు, నానీలకు ఉండేది. ఆన్‌లైన్ వచ్చాక ఆ పిన్ను పోయింది, స్క్రీన్‌షాట్ తీసే అలవాటు మాత్రం రాలేదు.

పాత బాకీ అని ఏళ్ల కిందటి లెక్క తెచ్చి బిల్లులో కలిపితే? ఇదే 56వ సెక్షన్‌లో రెండేళ్ల గడువు మాట ఉంది. బాకీగా మొదట కట్టాల్సి వచ్చిన తేదీ నుంచి రెండేళ్లు దాటితే, ప్రతి బిల్లులో బకాయిగా చూపిస్తూ రాకపోతే, దాన్ని వసూలు చేయకూడదు. దీన్ని జనం 'రెండేళ్ల కిందటిది కట్టక్కర్లేదు' అని అర్థం చేసుకుంటున్నారు. అంత సులువు కాదు. అజ్మీర్ విద్యుత్ సంస్థ కేసులో 2020 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు తేల్చింది: డిస్కం పొరపాటున తప్పు టారిఫ్ కోడ్ వేసి తక్కువ వసూలు చేస్తే, ఆ తప్పు తెలిశాక అదనపు బిల్లు వేయొచ్చు. కానీ రెండేళ్లు దాటిన ఆ డబ్బు కోసం కరెంటు కట్ చేయడం కుదరదు, వేరే దారిలో వసూలు చేసుకోవాలి. అంటే తప్పు వాళ్లదైనా చివరికి మోసేది మనమే, బెదిరింపు మాత్రం కొంచెం తగ్గుతుంది. బ్రిటన్‌లో 2018 నుంచి నిబంధన ఇంతకన్నా గట్టిది. కంపెనీ తన తప్పు వల్ల బిల్లు వేయకపోతే, 12 నెలల కన్నా పాత వాడకానికి డబ్బు అడగకూడదు. మన దగ్గర ఆ మాట ఇంకా రావాలి.

కరెంటు బిల్లు ఈ బస్తీలకు ఎప్పుడూ చిన్న విషయం కాదు. నారాయణగూడ నుంచి నడిచి పోయే దూరంలో ఉన్న బషీర్‌బాగ్‌లో, 2000 ఆగస్టు 28న, చార్జీల పెంపు మీద నిరసనకు వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురి ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో రేటు మీద కొట్లాట. ఇప్పుడు రేటు మీద పెద్దగా గొడవ లేదు, ఇళ్ల యూనిట్ చార్జీలు 2022 నుంచి కదల్లేదు. దెబ్బ వేరే చోటి నుంచి, తేదీ నుంచి, సగటు నుంచి, గీత నుంచి పడుతోంది కాబట్టి ధర్నాకు నినాదం కూడా దొరకదు.

అడగాల్సిన చోటు నియంత్రణ మండలి. రేట్లు నిర్ణయించే ముందు అది బహిరంగ విచారణ పెడుతుంది, మామూలు వినియోగదారుడు కూడా అభ్యంతరం రాసి పంపొచ్చు, వెళ్లి మాట్లాడొచ్చు. పరిశ్రమల వాళ్లు, రైతు సంఘాల వాళ్లు వస్తారు. పోర్షన్లలో ఉండే సంసారాల తరఫున వచ్చేవాళ్లు కనిపించరు. అడగాల్సింది కూడా పెద్దదేం కాదు: రీడింగ్ 30 రోజులు దాటితే స్లాబ్‌ను, గృహజ్యోతి 200 యూనిట్ల పరిమితిని రోజుల లెక్కన పెంచి కొట్టాలి, ఎన్ని రోజులకు కొట్టారో బిల్లు మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి, అంచనా బిల్లు అయితే అంచనా అని రాయాలి.

అంతదాకా పని ఇంట్లోనే ఉంది. పోయిన బిల్లు మీద రీడింగ్ తేదీ చూసి, దానికి 30 రోజులు కలిపి, ఆ రోజు పొద్దున మీటర్ ఫొటో తీసి పెట్టుకోండి. బిల్లు కొట్టే మనిషి నాలుగు రోజుల తర్వాత వస్తే, 30వ రోజు మీ ఇంటి అంకె ఎంతో మీ ఫోన్‌లో ఉంటుంది. ఆ సర్వీసు నంబర్‌కు ఎవరి మొబైల్ తగిలి ఉందో కూడా ఒకసారి చూడండి, దాదా నంబర్ ఉంటే ఇప్పుడే మార్పించుకోండి.